చెట్ల వయస్సు లెక్కించు పున్నమి

(తెల్లాపూరు రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



చెట్లు నాటుటను గురించి మీరు ఇదివరకే ఎన్నో ఉపన్యాసములు వినియున్నారు. నాటిన చెట్లను లెక్కించుటను గురించి వినియుండరు. నేడు ఆ సంగతియే చెప్పదలచినాను. చెట్ల వయస్సును లెక్కించుటకే ఒక పండుగను ఏర్పరచుకొన్న జాతి ఒకటి కలదు. వారు యూదులు. ఆ పండుగ పేరు తూ బిష్వాత్. మన ఊరికి ఆ పండుగతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. మన పంచాంగములో అది ఏనాడు వచ్చునో విన్నచో మీకే తెలియును.

యూదుల నెలలు కూడ మన నెలలవలెనే చంద్రుని బట్టి నడచును. రెండు మూడేండ్లకొకసారి మనకు అధికమాసము వచ్చినట్లే వారికిని వచ్చును. 'షెవాత్' అను నెలలో పదునైదవ దినము, అనగా పున్నమి, వారికి చెట్ల పండుగ. వారి దినము క్రిందటి సాయంకాలముననే ఆరంభమగును. 2025లో వారి పండుగ ఫిబ్రవరి 12 సాయంకాలమున మొదలై 13తో ముగిసినది. ఆ 12వ తేదీయే మనకు మాఘ పూర్ణిమ. 2026లో ఫిబ్రవరి 1 సాయంకాలమున మొదలైనది. మన మాఘ పూర్ణిమయు ఆనాడే. కొన్ని యేండ్లలో ఇది పుష్య పూర్ణిమకు వచ్చును. 2024లో అట్లే జనవరి 25న వచ్చినది. మొత్తముమీద, మన ఊళ్లలో మామిడి పూతకు వచ్చి, మోదుగ మొగ్గ తొడుగు దినములలో వారి చెట్లకు కొత్త సంవత్సరము వచ్చును. వారి దేశమున అప్పుడు బాదము చెట్టు పూచును.

ఇది మొదట రైతు లెక్క

ఈ పండుగ మొదట భక్తికొరకు పుట్టలేదు, లెక్కకొరకు పుట్టినది. క్రీస్తుశకము 200 ప్రాంతమున కూర్పబడిన 'మిష్నా' అను వారి ధర్మశాస్త్రములో సంవత్సరమునకు నాలుగు ఆరంభములు చెప్పబడినవి. రాజుల పాలనాకాలమును లెక్కించుటకు ఒకటి, పశువులపై చెల్లింపవలసిన పదియవ వంతునకు ఒకటి, సాధారణ సంవత్సరమునకు ఒకటి, చెట్లకు ఒకటి. మనకును ఇట్టివి లేకపోలేదు. పంచాంగమునకు ఉగాది ఉన్నది, ప్రభుత్వ ఖాతాలకు ఏప్రిల్ 1 ఉన్నది, దుక్కికి ఏరువాక పున్నమి ఉన్నది. చెట్టుకు మాత్రము మనము లెక్క మొదలుపెట్టు దినము ఏర్పరచుకొనలేదు.

ఆ దినము ఏది కావలెనను విషయమై వారి పండితులలో కూడ భేదము వచ్చినది. షమ్మాయి పక్షమువారు షెవాత్ నెల మొదటి దినమనిరి. హిల్లెల్ పక్షమువారు పదునైదవ దినమనిరి. రెండవ పక్షమే నిలిచినది. దానికి చెప్పిన కారణము రైతు చెప్పదగినదే. వారి దేశములో వర్షములు అక్టోబరు మొదలు ఏప్రిలు వరకు కురియును. షెవాత్ నడిమికి వచ్చునప్పటికి ఆ యేటి వానలలో పెద్దపాలు కురిసిపోయియుండును, చెట్టులో రసము పైకెక్కుట ఆరంభమగును. అంతకుముందు పిందెపడినది పోయిన యేటి పంట. తరువాత పిందెపడినది కొత్త యేటి పంట. ఒక యేటి పండ్లపై ఈయవలసిన భాగమును మరియొక యేటి పండ్లతో తీర్చరాదు గనుక ఈ హద్దు అవసరమైనది.

రెండవ ప్రయోజనము చెట్టు వయస్సు. నాటిన చెట్టు పండును మొదటి మూడేండ్లు తినరాదని లేవీయకాండము 19వ అధ్యాయములో నియమమున్నది. నాలుగవ యేటి పంట దేవునిది. అయిదవ యేటనుండి రైతుది. ఈ నియమము నడువవలెనన్నచో ఏ చెట్టు ఏనాడు నాటినదో జ్ఞాపకముండవలెను. కావున వారు చెట్ల లెక్కను తప్పనిసరిగా ఉంచుకొనవలసి వచ్చినది.

ఈ మాట విని నవ్వకుడు. మామిడి అంటుమొక్క నాటిన మొదటి మూడేండ్లు వచ్చిన పూతను తుంచివేయుడని మన తోటశాస్త్రజ్ఞులు కూడ చెప్పుచున్నారు. అంటు గనుక అది మరుసటి యేడే పూయును. చూచి సంతోషించి కాయను ఉంచినచో, కొమ్మలకును వేళ్లకును పోవలసిన బలము కాయకు పోవును, చెట్టు గిడసబారును. వారు శాస్త్రముగా నిలుపుకొన్నదియు, మనము తోటలో నేర్చుకొన్నదియు ఒక్కచోటికే వచ్చుచున్నవి: చెట్టు తన కాళ్లపై నిలుచువరకు దానినుండి ఏమియు ఆశింపకుము.

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో మరియొక నియమము కలదు. శత్రువు పట్టణమును ముట్టడించిన సమయమున కూడ పండ్లచెట్లను నరుకరాదని అందున్నది. యుద్ధములో నరుకకూడని చెట్టును శాంతికాలములో రోడ్డుకొరకు నరుకుచున్న మనము ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

కొంకణములో గానుగవారి పండుగ

ఈ పండుగ మన దేశమునకు కొత్తది కాదు. మన పొరుగు రాష్ట్రమైన మహారాష్ట్రలో, కొంకణ తీరమున, బెనె ఇజ్రాయెల్ అను యూదులు తరతరములుగా నివసించియున్నారు. వారి పూర్వులు పల్లెలలో గానుగ ఆడించి నూనె తీసి జీవించినవారు. శనివారము పని ముట్టరు గనుక ఊరివారు వారిని 'శనివారపు తేలీలు' అని పిలిచెడివారు. మరాఠీలో తేలీయనగా మన గాండ్లవాడు. వారి మాట మరాఠీ, కట్టుబొట్టు కొంకణపుది.

ఆలీబాగు ప్రాంతమున ఖండాల అను గ్రామము కలదు. ఇది పూనా దారిలోని కొండ ఊరు కాదు, వేరు. అచ్చటి బండపై ఏలీయా ప్రవక్త రథము జాడలున్నవని వారి నమ్మకము. తూ బిష్వాత్ సమయమున వారు అక్కడికి యాత్రగా పోవుదురు. నానబెట్టిన అటుకులలో చక్కెర, కొబ్బరికోరు, ఏలకులు, ఎండు ద్రాక్ష కలిపి, చుట్టు పండ్లను పేర్చి, దేవునికి కృతజ్ఞత చెప్పి, అందరును పంచుకొని తిందురు. ఆ ప్రసాదమును మలీదా అందురు. ఎక్కడనో యెరూషలేములో పుట్టిన చెట్ల పండుగ కొంకణములో అటుకులతోను కొబ్బరితోను జరుగుచున్నది చూడుడు. పండుగ ఏ నేలకు పోయిన ఆ నేల పంటను తినును.

మన తెలుగువారిలోను యూదధర్మమును అనుసరించువారు కలరు. గుంటూరు సీమలో చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో 'బెనె ఎఫ్రాయిము' అను చిన్న సమాజము ఉన్నది. తాము ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయిము సంతతివారమని వారి విశ్వాసము. వారిలో పెక్కుమంది పొలముపనిచేసి బ్రతుకు తెలుగు కుటుంబములవారే. కావున యూదుల పండుగయనగా సముద్రములకావలి మాటయని అనుకొన పనిలేదు.

పండుగ మారిన విధము

రెండువేల యేండ్లుగా ఒక్క రూపముతో నిలిచిన పండుగ ఏదియు లేదు. యూదులు తమ దేశమును విడిచి చెదరిపోయిన తరువాత వారికి పొలములేదు, చెల్లింపవలసిన పండ్ల భాగమును లేదు. అయినను దినమును మరువలేదు. చలిదేశములలో నున్నవారు దూరమునుండి వచ్చిన ఎండుపండ్లు తిని తమ నేలను తలచుకొనిరి. 16వ శతాబ్దములో సఫెద్ పట్టణపు జ్ఞానులు ఈ దినమునకు ప్రత్యేక గౌరవము కల్పించిరి. ఆ సంప్రదాయములోనుండి పండ్లను వరుసగా తినుచు ప్రార్థించు విందు ఒకటి ఏర్పడినది. 1890లో జిఖ్రోన్ యాకోవ్ అను పల్లెలో జెయెవ్ యావెజ్ అను ఉపాధ్యాయుడు ఆనాడు తన విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి మొక్కలు నాటించెను. 1908లో అచ్చటి ఉపాధ్యాయ సంఘమువారు దానిని పాఠశాలలన్నిటికి నాటుదినముగా స్వీకరించిరి. పన్నువసూలు లెక్కకు పుట్టిన తేదీ చిన్నపిల్లల చేతిలో మొక్కగా మారినది.

ఇచ్చట మనమొక జాగ్రత్త పడవలెను. వారు ఆ దినమున మొక్కలు నాటుచున్నారు గనుక మనమును మాఘ పూర్ణిమనాడు నాటవలెనని ఎవరైన అన్నచో వినకుడు. వారికి అది వానకాలము, నేల తడిగానుండును. మనకు సంవత్సరమునకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ముప్పాతిక వంతు జూను మొదలు సెప్టెంబరులోపల కురిసిపోవును. మాఘమునకు చెలక నేల పైపొర ఎండి పొడియగును. మనకు నాటుకాలము ఆషాఢ శ్రావణములు. మాఘము లెక్కచూచుకొను కాలము. వారి పండుగలో మొదట ఉన్న పనియు ఇదియే గదా.

నాటినవి ఎన్ని, బ్రతికినవి ఎన్ని?

మన దేశమున నాటుపండుగలకు కొదువలేదు. 1950 జూలైలో ఆనాటి కేంద్ర ఆహార వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ఆరంభించిరి. 2015లో మన రాష్ట్రమున హరితహారము మొదలైనది. పాఠశాలలు, కార్యాలయములు, పంచాయతీలు, అందరును మొక్కలు నాటిరి. చాలచోట్ల అవి పెరిగి నీడనిచ్చుచున్నవి. ఇది మెచ్చుకొనదగినదే.

అయినను ఒక సంగతి మీకు తెలియనిది కాదు. వానలలో నాటిన మొక్క వానలున్నంతవరకు బ్రతుకును. కార్తికము వరకు పచ్చగానుండును. పుష్యము దాటిన తరువాత ఎవరును దానివైపు చూడరు. చైత్రమునకు పుల్లగా మిగులును. మరల ఆషాఢమున అదే గుంటలో కొత్త మొక్క పెట్టుదురు. ఒకే గుంటలో మూడుసార్లు నాటినచో కాగితముపై మూడు మొక్కలు. నేలమీద ఒక్కదాని నీడయు లేదు.

చట్టము కూడ ఈ లోపమును గమనించినది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమును, 2019 నాటి పురపాలక చట్టమును నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని చెప్పుచున్నవి. పురపాలక సంఘముల బడ్జెటులో పదియవ వంతు పచ్చదనమునకు కేటాయింపవలెనని 2019 చట్టములో ఉన్నది. యూదులు పండ్లలో పదియవ వంతు తీసినట్లు ఇచ్చట పచ్చదనమునకు పదియవ వంతు తీయుచున్నారు. అయితే నూటికి 85 అను మాట నిలువవలెనన్నచో నాటిననాడు కాక, ఎండలు ముదురకముందు ఎవరైనను పోయి ఎంచి చూడవలెను. వేసవిలో ఎంచినచో చచ్చినవాటి లెక్క తేలును. మాఘమున ఎంచినచో బ్రతికింపదగినవాటి లెక్క తేలును.

తెల్లాపూరులో ఎందుకు?

తెల్లాపూరు 2018లో పురపాలక సంఘమైనది. కొల్లూరు, ఉస్మాన్‌నగరు, ఈదులనాగులపల్లి, వెలిమెల దానితో కలిసినవి. జొన్న, కంది పండిన చెలకలలో నేడు ఇరువది ముప్పది అంతస్తుల మేడలు లేచినవి. కొల్లూరువద్ద బాహ్యవలయ రహదారి పోవుచున్నది. భూమి అమ్మినవారు కలరు, కొంత ఉంచుకొన్నవారు కలరు, ఆకుకూరలు వేసి నడుపుకొనువారు కలరు. మేడలలో నున్నవారు దేశము నలుమూలలనుండి ఉద్యోగములకు వచ్చినవారు. ఊరిలో పుట్టినవారికి చెట్టు పేరు తెలియును, దాని అవసరమేమో తెలియును. పొద్దున ట్యాంకరు వచ్చునో రాదో అను చింత మేడలవారికి తెలియును. ఇద్దరికిని కలిసి చేయుపని ఒకటియు లేదు. ఒకే దారిలో నడచి ఒకరి పేరొకరికి తెలియదు.

ఈ రెండు వర్గములవారి చేతులలో చెట్టుకు కావలసినవన్నియు ఉన్నవి. పెద్ద అపార్టుమెంటులలో వాడిన నీటిని శుద్ధిచేయు యంత్రములున్నవి. చక్కగా శుద్ధియైన ఆ నీరు చెట్లకు పనికివచ్చును. రైతులయొద్ద ట్రాక్టరు, ట్యాంకరు, పార, అనుభవము ఉన్నవి. లెక్క చూడుడు: లేతమొక్కకు తడవకు 20 లీటర్లు పోసినచో 200 మొక్కలకు 4,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటి చాలును. వారమునకు రెండు తడవలైన, రెండు ట్యాంకర్లతో ఒక వీధి చెట్లన్నియు వేసవి దాటును. నీరు మేడలనుండి, బండి ఊరినుండి, చెట్టు ఇద్దరిదియు.

పండుగనాడు చేయవలసిన పనులు

మొదటిది లెక్క. ఒక్కొక్క వీధికి ఒక పుస్తకము పెట్టుడు. చెట్టు పేరు, నాటిన సంవత్సరము, ఎవరి ఇంటియెదుట ఉన్నది, బ్రతికినదా లేదా అని వ్రాయుడు. పిల్లలచేత వ్రాయింపుడు. పాత చింత, వేప, మర్రి, తాటి చెట్ల వయస్సు కాగితములో దొరకదు. ఊరి వృద్ధులను అడిగి, ఎవరి పెండ్లి యేట ఉన్నదో, ఏ కరవునాటికి ఎంత ఎత్తున్నదో తెలిసికొని వ్రాయుడు. చెట్టుపై మేకులు కొట్టకుడు. సున్నముతో అంకె వేయుడు. ఇట్లు పుస్తకములోకి ఎక్కిన చెట్టును రాత్రికి రాత్రి నరుకుట అంత సులభము కాదు. చెట్లు కొట్టుటకు అనుమతి కావలెనని 2002 నాటి వాల్టా చట్టము చెప్పుచున్నది. ఫిర్యాదు చేయువాని చేతిలో లెక్క ఉన్నచో ఆ చట్టమునకు బలము వచ్చును.

రెండవది పాదు. మొక్కచుట్టు రెండు మూడడుగుల వెడల్పున పాదు సరిచేసి, కలుపు తీసి, ఎండుగడ్డిగాని, చొప్పగాని, వేరుశనగ పొట్టుగాని, రాలిన ఆకుగాని మూడు నాలుగు అంగుళముల మందమున కప్పుడు. కాండమునకు తగులనీయకుడు. కాలనీలలో ఆకులను ఊడ్చి తగులబెట్టుచున్నారు. ఆ ఆకే చెట్టుకు దుప్పటి. పచ్చిపేడ వేయకుడు, చెదలు పట్టును. బాగుగా మాగిన ఎరువు వేయవలెను.

మూడవది కుండ. ట్యాంకరు పోలేనిచోట, ఎనిమిది పది లీటర్ల మట్టికుండ అడుగున సన్నని రంధ్రము చేసి, గుడ్డవత్తి దూర్చి, మొక్కకు అడుగు దూరములో మెడవరకు పాతి, నింపి మూత పెట్టుడు. నీరు చెమ్మగా దిగి వేళ్లకు చేరును. ఎండకు ఆవిరియగుట తక్కువ.

నాలుగవది కట్టు. నాటిననాడు కట్టిన తీగ కాండములోనికి దిగియుండును. దానిని విప్పి గోనెపురితో వదులుగా కట్టుడు. ఇనుప కంచె కొమ్మకు రాసుకొనుచున్నచో జరుపుడు. అంటుమొక్కకు అంటు క్రిందినుండి లేచిన చిగురును కోసివేయుడు. లేనిచో రసాలము పోయి పులుపు కాయ మిగులును.

అయిదవది వయస్సునుబట్టి పని. మూడేండ్లు నిండని మామిడికి పూత తుంచుడు. ఆ సమయమున పిల్లలకు కారణము చెప్పుడు. మూడేండ్లు దాటి మొదటి కాయ నిలిచిన చెట్టున్న ఇంటివారు ఆ కాయలను ఇరుగుపొరుగునకు పంచవలెనని ఊరంతయు ఒప్పందము చేసికొన్నచో ఎంత బాగుండును!

ఇక విందు. పండుగయన్న తరువాత తిండి ఉండవలెను గదా. ఖర్చుతో పనిలేదు. మాఘమున మన నేల ఇచ్చునవి రేగుపండ్లు, జామ, ఉసిరి, వెలగ, కొత్త చింతపండు. అటుకులు, బెల్లము, కొబ్బరి కలిపినచో కొంకణమువారి మలీదాకు మన చెల్లెలు తయారగును. ఏ మతమువారైనను అభ్యంతరము లేని వంటకము. కార్తికములో ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయు అలవాటు మనకున్నది గనుక చెట్టునీడలో విస్తరివేయుట కొత్తకాదు. కార్తికమున చెట్టు మనకు నీడనిచ్చి కూర్చుండబెట్టును. మాఘమున మనము చెట్టుకు నీరిచ్చి నిలబెట్టుదము.

సోదరులారా! ఎవరి మతమును ఎవరును మార్చుకొన నక్కరలేదు. యూదుల ప్రార్థన యూదులకు, మన పూజ మనకు. వారినుండి నేర్వవలసినది ఒక్కటే: చెట్టుకు వయస్సున్నదని, దానిని జ్ఞాపకముంచుకొనువారు ఊరంతయు కావలెనని. నాటుట ఒక్క పూట పని, ఒక్కరు చేయవచ్చును. మూడేండ్లు పెంచుట ఊరు చేయవలసిన పని. రాబోవు మాఘ పూర్ణిమనాటికి మీ వీధి పుస్తకమును తెరవుడు. మొదటి పుటలో ఈ యేడు నాటిన మొక్కల సంఖ్య వ్రాయుడు. దాని ప్రక్కన బ్రతికియున్నవాటి సంఖ్య వ్రాయుడు. మరుసటి మాఘమునకు ఆ రెండవ అంకె తగ్గకుండ చూచినచో మీరు పండుగ చేసినట్లే.